పెద్దాయన మరణ ధ్రువీకరణ

ఆకాశంలో చచ్చి తిరుగుతున్న ప్రభుత్వ ఉపగ్రహం ఒకటుండేది. అది చచ్చిందని ప్రభుత్వం చేత ఒప్పించడం నా ఉద్యోగం. మొదట్లో ఈ మాట చెబుతూ నేనే నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి ఎదుటివాళ్ళు నవ్వితే ఒళ్ళు మండడం మొదలైంది.

ఇదంతా మా మరిది పుణ్యం. ఆయనగారు ఒక యంత్రం చేశాడు. కుట్టుమిషన్ అంత ఉంటుంది. పైన పనికిరాకుండా తిరుగుతున్న ఉపగ్రహం దగ్గరికి వెళ్ళి, దాన్ని పట్టుకుని, ఒక పల్చని తెర విప్పుతుంది. అంత ఎత్తులో మిగిలిన ఆ కాస్త గాలే తెరకి తగిలి వేగం తగ్గిస్తుంది. రెండూ కలిసి మెల్లగా కిందికి జారి, దారిలోనే కాలి బూడిదవుతాయి. చెత్తా మిగలదు, ఊడ్చిందీ మిగలదు. దానికి చీపురు అని పేరు పెట్టింది నేనే. మరిది ఇప్పటికీ ఆ సంగతి ఒప్పుకోడు, తనకే తట్టిందంటాడు.

కంపెనీ అంటే పెద్ద భవనమేమీ ఊహించుకోకండి. ఒకప్పుడు బీరువాలకి రంగు వేసిన షెడ్డు. ఎన్నిసార్లు కడిగినా వార్నిష్ వాసన పోలేదు. మధ్యలో ప్లాస్టిక్ పట్టాలతో కట్టిన గుడారం, దాని లోపల చీపురు. లోపలికి వెళ్ళాలంటే తలకి టోపీ, కాళ్ళకి తొడుగులు, మూతికి గుడ్డ. పెళ్ళికి ముందు నేను ఒక ట్రావెల్స్ ఆఫీసులో వీసా కాగితాలు చూసేదాన్ని. క్యూలో నిలబడటం వదినకి బాగా వచ్చని మరిది నన్ను అనుమతుల విభాగంగా నియమించాడు. విభాగం అంటే నేనూ, నా హ్యాండ్‌బ్యాగూ.

అనుమతి ఇవ్వాల్సిన సంస్థ పేరు అంతరిక్ష పరిశ్రమ ప్రోత్సాహక, నియంత్రణ సంస్థ. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు కదా, ఈ అమ్మ అలాంటిది కాదు. పెడతానని పిలుస్తుంది, పీట వేస్తుంది, కంచం ముందు కూర్చోబెడుతుంది. ముద్ద ఎత్తబోయే సమయానికి, చెయ్యి కడుక్కున్నావనడానికి రుజువేది అని అడుగుతుంది.

ఆ సంస్థలో ప్రోత్సాహక డైరెక్టరు గది, నియంత్రణ డైరెక్టరు గది వరండాకి అటొకటి, ఇటొకటి ఉంటాయి. డైరెక్టరు మాత్రం ఒక్కడే. ఒక ఉద్యోగం సొంతం, రెండోది అదనపు బాధ్యత. ఏది సొంతమో, ఏది అదనమో ఆయనకే గుర్తున్నట్టు లేదు. మేం ఆయనకి రెండు కుర్చీల సారు అని పేరు పెట్టుకున్నాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు పొద్దున ప్రోత్సాహక గదిలో కలిశాం. మెత్తటి సోఫా, బల్ల మీద గాజుపెట్టెలో రాకెట్ బొమ్మ, అడగకుండానే కాఫీ. సారు మా మరిది భుజం తట్టి, మీలాంటి కుర్రాళ్ళ కోసమే ఈ తలుపులు తెరిచి పెట్టుకుని కూర్చున్నాం అన్నాడు. ఫోటోగ్రాఫర్ని పిలిచి మా మరిదితో ఫోటో దిగాడు. మిగతా వివరాలు మధ్యాహ్నం ఎదురుగదిలో మాట్లాడదామన్నాడు.

మధ్యాహ్నం ఎదురుగదికి వెళ్ళాం. ఇనప కుర్చీలు, గోడకి దుమ్ముపట్టిన నిబంధనల బోర్డు. అదే సారు, కోటు విప్పి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. తలెత్తి మమ్మల్ని చూసి, ఎవరు మీరు, ఏం పని అన్నాడు. పొద్దున కలిశాం కదా సార్ అన్నాడు మరిది అమాయకంగా. పొద్దున ఏ గదిలో ఏం జరిగిందో ఈ గదికి తెలియదు అన్నాడు సారు. వెటకారంగా కాదు, నిజంగానే అన్నాడు.

ఆ ఫోటోని తర్వాత నిలువెత్తు పోస్టరు చేసి కింద హాల్లో అతికించారు. దాని మీద 'రండి, ఆకాశం మీదే' అని రాసి ఉంటుంది. మా మరిది ఆ పోస్టరు కిందే టోకెన్ పట్టుకుని నిలబడేవాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఒక్కనాడు కూడా గుర్తుపట్టలేదు.

నియంత్రణ గది మొదటి అభ్యంతరం పేరు మీద. చీపురు అన్న మాట దేశ ప్రతిష్ఠకి తగినట్టు లేదన్నారు. సరేనని 'గగన నిర్మల యంత్రం' అని మార్చాం. రెండో అభ్యంతరం అసలైనది. మీరు కిందికి దించబోయే ఉపగ్రహం ఎవరిది అని అడిగారు. ప్రభుత్వానిదే. అది పైకి వెళ్ళిన ఏడాదికే బ్యాటరీలు పోయి మూగబోయింది. చచ్చినా సరే, పంపినవాళ్ళదే సొత్తు. వాళ్ళు 'ఇది చచ్చింది, తీసుకుపోండి' అని చెప్పకుండా దాని మీద చెయ్యి వేస్తే దొంగతనమే అవుతుంది. ఇది న్యాయమైన మాటే, నేను కాదనను. చెప్పించండి సార్ మరి అన్నాను. వాళ్ళేమో అది చావలేదంటున్నారమ్మా అన్నాడు సారు.

వాళ్ళ రికార్డుల్లో దాని పరిస్థితి పేరు 'తాత్కాలిక మౌనం'. ఆ తాత్కాలికం మొదలై పదేళ్ళు దాటింది. చచ్చిందని ఒప్పుకుంటే దాన్ని కనిపెట్టుకుని ఉండే పర్యవేక్షణ విభాగం కూడా చస్తుంది కదా. ఆ విభాగంలో దాన్ని పెద్దాయన అని పిలుచుకుంటారు. పెద్దాయన మీద ఆధారపడి చాలా కుటుంబాలు బతుకుతున్నాయి.

అందులో మాదొకటి. రోజూ పెద్దాయన్ని పిలిచే ఉద్యోగం మా ఆయనది.

పెద్దాయన మన నెత్తి మీదుగా వెళ్ళే సమయానికి మా ఆయన యాంటెన్నా గదిలో కూర్చుని, మీట నొక్కి, కుశలమా అని సంకేతం పంపిస్తాడు. అవతలి అంచు దాటేదాకా ఎదురుచూస్తాడు. జవాబు లేదు, మళ్ళీ ప్రయత్నించాలి అని రాస్తాడు. విభాగంలో పిలిచేది ఆయన ఒక్కడే. మిగతావాళ్ళు ఆయన పిలిచినట్టు నమోదు చేసేవాళ్ళు, నమోదైందా లేదా అని చూసేవాళ్ళు, చూసినట్టు పైకి చెప్పేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారే, ఆ శంఖానికి ఇంత పెద్ద ఆఫీసు ఉండటం నేనెక్కడా చూడలేదు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, అదే చొక్కాతో నలగకుండా తిరిగొచ్చేవాడు. ఆఫీసు సంగతి ఇంట్లో ఎత్తేవాడు కాదు.

ఇదీ మా ఇంటి పరిస్థితి. తమ్ముడి యంత్రం పైకి వెళ్ళాలంటే పెద్దాయన చావాలి. పెద్దాయన చస్తే అన్న కుర్చీ పోవాలి. యాభై దాటిన మనిషిని, పిలిచి ఊరుకోవడం తప్ప మరో పని చూపించలేని మనిషిని, బయట ఎవరు తీసుకుంటారు? మధ్యలో నేను, అడకత్తెరలో పోకచెక్కని. పొద్దున ఒక ఆఫీసులో ఆ పెద్దాయన్ని చంపమని బతిమాలి, సాయంత్రం ఆయన పేరు చెప్పి వచ్చిన జీతంతో తెచ్చిన బియ్యమే వండేదాన్ని.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ఇంతలో మరిదికి ఒక పెద్ద రాకెట్లో మూలన కాస్త చోటు దొరికింది. రాకెట్ వాళ్ళ షరతు ఒక్కటే, నెలాఖరులోగా అనుమతి చూపించాలి. లేకపోతే ఆ చోటు వరసలో ఉన్న వేరేవాళ్ళకి పోతుంది. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళు అప్పటికే ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. ఈ చోటు కూడా పోతే షెడ్డుకి తాళం వేసి, తనూ ఎక్కడైనా చేరిపోతానని మరిది నాతో అన్నాడు. ఆ మాట వాళ్ళన్నయ్య దగ్గర అనలేదు. అన్నయ్యని ఒక్క మాట అడగనూ లేదు.

వాడు అడగలేదు కాబట్టి నేనడిగాను. సాయంత్రం బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు మా ఆయన. పక్కన కూర్చుని, నెలాఖరు సంగతి మొత్తం చెప్పాను. చెప్పి, మీ ఆఫీసులో అందరికీ తెలిసిన నిజమే కదా, ఒక్కరైనా పైకి అనలేరా అన్నాను. ఆయన దుప్పటి కొసలు సరిచేస్తూ ఉండిపోయాడు. మీ తమ్ముడండీ అన్నాను. తెలుసు అన్నాడు. ఆపైన నేను అన్నవన్నీ దున్నపోతు మీద వానే. కోపం పట్టలేక, మీకూ మీ పెద్దాయనకీ తేడా లేదు, ఎంత పిలిచినా పలకరు అనేసి లోపలికి వచ్చేశాను.

నెలాఖరుకి రెండు రోజుల ముందు సంయుక్త సమావేశం పెట్టారు. ఉమ్మడి హాల్లో పొడవాటి బల్ల వేసి, దానికి ఒకవైపు సారుగారి రెండు కుర్చీలూ పక్కపక్కన పెట్టారు. ఒకదాని ముందు ప్రోత్సాహకం అనీ, ఇంకోదాని ముందు నియంత్రణ అనీ పలకలు ఉన్నాయి. సారు మొదట మెత్తటి కుర్చీలో కూర్చుని మాకు స్వాగతం చెప్పాడు. లేచి పక్క కుర్చీలోకి మారి, స్వాగతం నమోదు చేసుకోమన్నాడు.

ఇటువైపు మా ఆయన విభాగానికి అధిపతి కూర్చున్నాడు. ఏం జరిగినా ప్రశాంతంగా ఉండండి అంటాడు కాబట్టి ఆయనకి ప్రశాంతం గారని పేరు. ఆయన వెనక గోడవారగా మా ఆయన. మేం బల్ల చివర. మరిది వాళ్ళన్నయ్య వైపు చూడకుండా, నీళ్ళ గ్లాసునే చూస్తున్నాడు.

ప్రశాంతం గారు పావుగంట మాట్లాడాడు. పలకనంత మాత్రాన ఎవరినీ చచ్చారనలేమన్నాడు. మౌనం కూడా ఒక స్థితేనన్నాడు. తొందరపడి దించేస్తే, రేపు పలికితే ఎవరు బాధ్యులన్నాడు. నియంత్రణ కుర్చీలో ఉన్న సారు తల ఊపాడు. మా మరిది ఫైలు మూసేశాడు. అయిపోయింది అనుకున్నాను.

సారుకి ఏం తోచిందో, అసలు రోజూ పిలిచేది ఎవరండీ అని అడిగాడు. ప్రశాంతం గారు వెనక్కి తిరక్కముందే మా ఆయన లేచి నిలబడ్డాడు.

"పోయింది సార్," అన్నాడు.

మరిది తలెత్తి చూశాడు. ప్రశాంతం గారు మొట్టమొదటిసారి ప్రశాంతంగా లేడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బాల్కనీలో అన్న మాటకి నా నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

కానీ నియంత్రణ అంటే నియంత్రణే. ఎప్పుడు పోయింది అని అడిగాడు సారు. ఆ ప్రశ్న ఎంత లోతో హాల్లో అందరికీ తెలుసు. పదేళ్ళ కిందటే పోయిందంటే ఇన్నేళ్ళూ రాసిన నివేదికలన్నీ అబద్ధాలు. రాసినవాడు, చూసినవాడు, చూసినట్టు చెప్పినవాడు, అందరి మెడలకీ చుట్టుకుంటుంది. దాని మీద విచారణ, విచారణ తేలేదాకా ఫైలు అక్కడే. నెలాఖరు కాదు కదా, నాకు మనవలు పుట్టినా తేలదు. మా ఆయన ఒక్కసారి తమ్ముడి వైపు చూశాడు.

"ఇవాళ పొద్దున సార్. నేను చివరిసారి పిలిచినప్పుడు," అన్నాడు.

హాలంతా ఒకేసారి ఊపిరి వదిలింది. ప్రశాంతం గారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, అవును, పొద్దుటి నుంచి నాకూ అదే అనుమానంగా ఉందన్నాడు. సారు మెత్తటి కుర్చీలోకి మారి, పెద్దాయన దేశానికి చేసిన సేవల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. పైకి వెళ్ళిన ఏడాదికే పోయినదానికి అన్ని సేవలు ఎలా పోగయ్యాయో నాకు అర్థం కాలేదు. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే కాబోలు. అందరూ లేచి కాసేపు మౌనం పాటించారు. ఈ మౌనం మాత్రం నిజంగానే తాత్కాలికం.

తిరిగి ఇనప కుర్చీలోకి వచ్చి సారు అనుమతి షరతులు చదివించాడు. చివరి షరతు విని నేను సరిగ్గా విన్నానా అని మరిదిని గిల్లాను. చచ్చింది చచ్చినట్టు రుజువు కావాలంటే, దించేశాక కూడా పదేళ్ళపాటు రోజూ పిలుస్తూ, పలకడం లేదని నిర్ధారించుకుంటూ ఉండాలట. పైన మాడి మసైపోయినదాన్ని. పర్యవేక్షణ విభాగం మూతపడుతుంది కాబట్టి ఆ పని ఇకపై ప్రైవేటు రంగానిది. ప్రోత్సాహక కుర్చీ దీన్ని కొత్త ఉపాధి అవకాశం కింద లెక్క వేసింది. పిలిచే మనిషి పేరు ఇప్పుడే చెబితే సంతకం కూడా ఇప్పుడేనన్నాడు సారు. ప్రశాంతం గారు వెంటనే మా ఆయన్ని చూపించి, ఇంతకన్నా అనుభవజ్ఞుడు ఎక్కడా దొరకడన్నాడు.

పాము చావలేదు, కర్ర విరగలేదు. తమ్ముడికి అనుమతి, అన్నకి అదే కుర్చీ, కాకపోతే వేరే చూరు కింద. నేను సంతోషంతో మా ఆయన వైపు తిరిగాను.

"నేను పిలవను సార్," అన్నాడు మా ఆయన.

సారు కళ్ళజోడు తీశాడు.

"ఇన్నేళ్ళు పిలిచాను. పలకదని తెలిసే పిలిచాను. ఇవాళ పోయిందని నా నోటితోనే చెప్పాను. ఇక నా వల్ల కాదు."

గొంతు పెంచలేదు. బతిమాలనూ లేదు. కూర్చున్నాడు, అంతే. అయితే పేరు ఖరారయ్యాక వచ్చే సమావేశంలో చూద్దామన్నాడు సారు. వచ్చే సమావేశం అంటే వచ్చే నెల. మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా అన్నయ్యని ఒక్క మాట అనలేదు, ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. అది చూసి నాకు ఇద్దరి మీదా ఒకేసారి కోపం ముంచుకొచ్చింది. ఇంత మంచితనం ఈ హాల్లో ఎవరికి కావాలి?

"నేను పిలుస్తాను," అని లేచాను.

సారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, అమ్మా, ఇది అనుభవం ఉన్నవాళ్ళు చేయాల్సిన పని అన్నాడు. జవాబు రాని చోటికి సంకేతాలు పంపడంలో మీకేం అనుభవం ఉందని అడిగాడు.

"ఏడాదిన్నరగా మీ ఆఫీసునే పిలుస్తున్నాను సార్."

ప్రోత్సాహక గదిలో అయితే బహుశా నవ్వేవాడు. ఇనప కుర్చీలో ఉన్నాడు కాబట్టి, సంబంధిత అనుభవం ఏడాదిన్నర అని రాయించి సంతకం పెట్టాడు.

చీపురు వెళ్ళింది. పెద్దాయన్ని పట్టుకుంది. తెర విప్పింది. మూడు నెలలకి ఇద్దరూ సముద్రం మీద ఎక్కడో కాలిపోయారు. ఆ రోజు మరిది షెడ్డులో చిన్నపిల్లాడిలా గెంతాడు. సంస్థవాళ్ళు పోస్టరు మార్చారు. కొత్తదాంట్లో మరిది పక్కన సారు రెండుసార్లు ఉన్నాడు, కోటుతో ఒకసారి, కోటు లేకుండా ఒకసారి. విభాగం మూతపడ్డాక మా ఆయన షెడ్డుకి వస్తున్నాడు. రెండో చీపురుకి తెరలు మడతపెడతాడు. ఆ మడతలు ఆయన పెట్టినంత బాగా ఎవరూ పెట్టలేరని మరిది అంటాడు. చొక్కా నిండా మరకలతో ఇంటికొస్తాడు.

నేను పిలుస్తున్నాను. షెడ్డు మూలన బల్ల, పైన కప్పు మీద యాంటెన్నా. పెద్దాయన బతికుంటే, అంటే చచ్చి తిరుగుతూ ఉంటే, నెత్తి మీదుగా వెళ్ళాల్సిన సమయానికి మీట నొక్కుతాను. ఆయన దాటిపోవాల్సిన సమయందాకా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ గుయ్యిమనే శబ్దం వింటూ కూర్చుంటాను. మొదటి వారం నవ్వొచ్చింది. రెండో వారం తిట్టుకున్నాను. నెల తిరిగేసరికి ఏదోలా అయిపోయాను. ఏ జవాబూ రాదని తెలుసు, వస్తే భయపడి చస్తాను. అయినా చెవి ఊరుకోదండీ. వెతుకుతూనే ఉంటుంది. ఆ కాసేపట్లో మనిషికి తనెంత ఒంటరో తెలిసిపోతుంది. ఇంటికి వెళ్ళాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

నా మొహం చూసి మా ఆయనకి అర్థమైనట్టుంది. ఇప్పుడు ఆ సమయానికి తెరల పని ఆపి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చుంటాడు. అవతలి అంచు దాటాక నేను హెడ్‌ఫోన్లు తీసేసి, "ఏమండీ" అంటాను. "ఊఁ" అంటాడు. పని ఏమీ ఉండదు, ఊరికే పిలుస్తాను. పలికే మనిషి పక్కనుంటే ఈ ఉద్యోగం ఎన్నేళ్ళయినా చెయ్యొచ్చు. ఆ యాంటెన్నా గదిలో మా ఆయన పక్కన మాత్రం ఇన్నేళ్ళూ ఎవరూ కూర్చోలేదు.